పై షడ్జమం నుంచి కిందికి: గాత్రం నేర్పిన అనుభవ పాఠాలు

ముందు నల్లగొండలో, తర్వాత పాలమూరులో హిందుస్థానీ గాత్రం నేర్పుతూ ముసలివాణ్ణయ్యాను. నా దగ్గరికి వచ్చిన పిల్లల్లో చాలామంది భజన మండళ్లు నడిపిన ఇళ్ల నుంచి, పద్యనాటకాలు ఆడిన తాతల ఇళ్ల నుంచి వచ్చినవాళ్లు. గొంతుకు కొదవ లేదు, తెగువకు అంతకన్నా కొదవ లేదు. తారస్థాయి షడ్జమం అందుకోమంటే ఒక్కరూ జంకరు. అక్కడి నుంచి కిందికి వచ్చే దారిలోనే రాగం చెదిరిపోతుంది. రాగాన్ని పట్టి ఇచ్చేదీ, పాడేవాడి చదువును తేల్చేదీ చాలావరకు అవరోహణే అని నా నమ్మకం. అది ఎందుకో, సాధనలో దాన్ని ఎట్లా నిలుపుకోవాలో వరుసగా చెబుతాను.

1. ఈ సంగీతం మనకు పరాయిది కాదు

"మనది కర్ణాటక సంగీతం కదా, హిందుస్థానీ మనకెందుకు?" అని తల్లిదండ్రులు అడుగుతుంటారు. వాళ్లకు నేను చెప్పేది ఈ నేల చరిత్రే. 1956 నవంబరు 1 దాకా రాయచూరు, గుల్బర్గా, బీదరు, మరాఠ్వాడా జిల్లాలూ మన జిల్లాలూ ఒకే హైదరాబాద్ రాష్ట్రంలో ఉన్నాయి. నారాయణపేట, మక్తల్ వైపు ఇప్పటికీ తెలుగు, కన్నడ, మరాఠీ మూడూ వినిపిస్తాయి. ఆ పక్కనే రాయచూరు జిల్లా జంబలదిన్నిలో పుట్టిన సిద్ధరామ జంబలదిన్ని పెద్ద హిందుస్థానీ గాయకుడు. ఢిల్లీ దర్బారులో పాడిన తాన్‌రస్ ఖాన్ చివరికి హైదరాబాద్ చేరుకున్నాడు. పండిత్ జస్‌రాజ్ తండ్రి మోతీరామ్ 1934లో నిజాం ఆస్థాన గాయకుడిగా నియామకం అందుకోవలసిన రోజునే హైదరాబాద్‌లో కన్నుమూశారు. ఆయన పేరా, పెద్దకొడుకు మణిరామ్ పేరా జస్‌రాజ్ 1972 నుంచి ఆ నగరంలో ఏటేటా సంగీత సమారోహం జరిపారు. బడే గులాం అలీ ఖాన్ 1968లో బషీర్‌బాగ్ ప్యాలెస్‌లో తుదిశ్వాస విడిచి, దాయిరా మీర్ మోమిన్‌లో విశ్రమించారు.

ఇంతకన్నా దగ్గరి సాక్ష్యాలు ఊళ్లలోనే ఉన్నాయి. నల్లగొండ లతీఫ్ సాహెబ్ ఉర్సులో ఖవ్వాలీ వింటూ పెరిగిన చెవులు మనవి. భీంపలాస్, బేహాగ్, కాపీ రాగాల్లో పద్యం విని మురిసిన తాతలు మనవాళ్లు. చావు ఇంట్లో ఆడవాళ్లు శోకం పెట్టేటప్పుడు గమనించండి. ఆ స్వరం పైన మొదలై, జారుతూ, ఆగుతూ, ఆధారం దాకా దిగివస్తుంది. ఎవరూ నేర్పకుండానే ఆ దిగుడు వాళ్ల గొంతులో ఉంది. చదువుకున్న గొంతు దాన్ని పోగొట్టుకోకూడదు.

2. రాగం దిగేటప్పుడు నిండుగా కనిపిస్తుంది

భీంపలాసీ తీసుకోండి. పైకి వెళ్లేటప్పుడు అయిదే స్వరాలు: ని స గ మ ప ని స. గాంధారం, నిషాదం కోమలం. రిషభం, ధైవతం దాటిపోతాం. కిందికి వచ్చేటప్పుడు ఏడూ వస్తాయి: స ని ధ ప మ గ రి స. పైకి వెళ్లినంతసేపూ దాగి ఉన్న రెండు స్వరాలు దిగేటప్పుడు బయటపడి రాగానికి నిండుదనం ఇస్తాయి. అయితే వాటి మీద కూర్చోవద్దు. ధైవతం మీద ఆగితే భీంపలాసీ చెదిరిపోతుంది. తాకి, పంచమం మీదికి రావాలి. రిషభాన్ని తాకి షడ్జమం చేరాలి. విశ్రాంతి మధ్యమం మీద.

బిహాగ్‌లోనూ ఇంతే. ఆరోహణలో రిషభ ధైవతాలు ఉండవు. అవరోహణలో వస్తాయి గాని బలహీనంగా వస్తాయి. స ని ధ ప దాకా వచ్చి, తీవ్ర మధ్యమాన్ని పంచమంతో కలిపి ఒక్కసారి తాకి, గ మ గ అని నిలిచి, ఆపైన రి స. ఆ "గ మ గ" వినగానే తెలిసిన శ్రోత తల ఊపుతాడు.

కర్ణాటక సంగీతం కొంత నేర్చుకుని వచ్చిన పిల్లలకు బిలహరిని గుర్తు చేస్తాను. ఎక్కేటప్పుడు మోహన, దిగేటప్పుడు శంకరాభరణం. ఈ నడక మన దక్షిణాది చెవికి ముందే తెలుసు. ఎక్కేటప్పుడు తక్కువ స్వరాలు, దిగేటప్పుడు ఎక్కువ స్వరాలు ఉన్న రాగాలు రెండు పద్ధతుల్లోనూ కొల్లలు. అందుకే కొత్త రాగం చెప్పేటప్పుడు నేను ముందు అవరోహణే పాడి వినిపిస్తాను.

3. స్వరం దిగేటప్పుడు రూపు మార్చుకోవచ్చు

దేశ్ రాగంలో ఎక్కేటప్పుడు శుద్ధ నిషాదం: రి మ ప ని స. దిగేటప్పుడు కోమల నిషాదం: స ని ధ ప, మ గ రి. ఆకాశవాణిలో ఉదయం వినిపించే వందేమాతరం బాణీ ఈ రాగమే కాబట్టి పిల్లలకు వెంటనే దొరుకుతుంది. ఖమాజ్‌లోనూ రెండు నిషాదాలకు ఇదే పంపకం.

ఇక్కడ ఒక చిక్కుంది. తార షడ్జమం పట్టుకున్న ఉత్సాహంలో, అప్పటిదాకా పాడిన శుద్ధ నిషాదమే మళ్లీ నోట్లోకి వస్తుంది. లేదా కోమలమూ కాక శుద్ధమూ కాక నడుమ ఎక్కడో పడుతుంది. దీనికి నేను కనుక్కున్న మందు ఒకటే. తార షడ్జమం మీద తొందరపడకుండా నిలవండి. నోరు తెరవకముందే కోమల నిషాదాన్ని మనసులో వినండి. విన్న తర్వాతే దిగండి. దేశ్‌లో దిగివచ్చి రిషభం మీద ఆగినప్పుడు కలిగే హాయి అంతా పైన నిషాదం సరిగా పడిందా లేదా అన్నదాని మీదే ఆధారపడి ఉంటుంది.

4. స్వరాలు ఒకటే అయినా రాగాలు వేరు

భూపాలీలో అయిదు స్వరాలు: స రి గ ప ధ. దేశ్‌కార్‌లోనూ అవే అయిదు. కాగితం మీద రాస్తే తేడా కనిపించదు. భూపాలీకి వాది గాంధారం, సంవాది ధైవతం. దేశ్‌కార్‌కు వాది ధైవతం, సంవాది గాంధారం. భూపాలీ రాత్రి మొదటి జాములో పాడతారు, దేశ్‌కార్ ఉదయం. భూపాలీ కింది నుంచి నెమ్మదిగా ఎదుగుతుంది. మంద్ర ధైవతం నుంచి షడ్జమం, అక్కడి నుంచి గాంధారం దాకా వచ్చి నిలుస్తుంది. దేశ్‌కార్ పైనే పుడుతుంది. తార షడ్జమం నుంచి ధైవతానికి వచ్చి అక్కడ వెలుగుతుంది, పంచమం మీద కాస్త నిలిచి, రిషభాన్ని గట్టిగా పట్టుకోకుండా కిందికి వస్తుంది.

రాగాల వేళల గురించి భాత్‌ఖండే చెప్పిన సూత్రం ఇక్కడ పనికొస్తుంది. వాది స్వరం పూర్వాంగంలో ఉన్న రాగాలు మధ్యాహ్నం నుంచి అర్ధరాత్రి దాకా, ఉత్తరాంగంలో ఉన్నవి అర్ధరాత్రి నుంచి మధ్యాహ్నం దాకా. అన్ని రాగాలకూ ఇది అచ్చంగా కుదరకపోయినా, దానిలోని ఒక నిజం నాకు బాగా పనికొచ్చింది. ఉత్తరాంగ రాగాలకు ప్రాణం అవరోహణలోనే ఉంటుంది. బసంత్, సోహనీ వంటివి పై షడ్జమం చుట్టూ తిరుగుతూ, అక్కడి నుంచి దిగుతూ తమ రూపం చూపిస్తాయి. ఇలాంటి రాగాన్ని కింది నుంచి కట్టుకుంటూ పోతే ఎంతసేపు పాడినా పూత రాదు.

భూపాలీ గట్టిపడ్డ విద్యార్థికి వెంటనే దేశ్‌కార్ చెబుతాను. అవే అయిదు స్వరాలతో రెండో రాగాన్ని నిలపగలిగిన రోజున, రాగమంటే స్వరాల పట్టిక కాదన్న సంగతి నేను వివరించకుండానే వాడికి అర్థమవుతుంది.

5. వంకర దారిని చక్కదిద్దకండి

దర్బారీ కానడ తాన్‌సేన్ సృష్టి అని సంప్రదాయం చెబుతుంది. అందులో ఎవరూ స ని ధ ప మ గ రి స అని నిటారుగా దిగరు. స ధ ని ప, మ ప గ, మ రి స. నిషాదాన్ని దాటి ధైవతానికి వెళ్లి, మళ్లీ నిషాదానికి వచ్చి, అక్కడి నుంచి పంచమం చేరాలి. గాంధారం దగ్గరికి వచ్చాక మధ్యమం వైపు ఊగి, మళ్లీ రిషభం. కోమల గాంధారం, కోమల ధైవతం రెండూ నెమ్మదిగా ఆందోళనతో ఊగాలి. ఈ వంకరను చక్కదిద్దితే అదే స్వరాలతో జౌన్‌పురీ ఛాయ వచ్చేస్తుంది, దర్బారీ గాంభీర్యం పోతుంది.

బాగేశ్రీలో పంచమం పైకి వెళ్లేటప్పుడు ఉండదు. దిగేటప్పుడు మ ప ధ గ అన్న ఒక్క మలుపులో తళుక్కుమని పోతుంది. ఆ మలుపు ఎంత సేపు, ఎంత బలంగా అన్నది ఒక్కో ఘరానాలో ఒక్కో తీరు. దాన్ని పుస్తకంలో చూసి నేర్చుకోవడం కుదరదు. గురువు గొంతు నుంచి, మంచి రికార్డుల నుంచి పట్టుకోవాలి. అఖిల భారతీయ గాంధర్వ మహావిద్యాలయ పరీక్షలకు వెళ్లే పిల్లలు రాగానికి ఆరోహణ అవరోహణలు గుక్క తిప్పుకోకుండా అప్పజెబుతారు. అప్పజెప్పడం అవసరమే. కాని వక్రరాగాలలో ఆ వరుస పేరుకు మాత్రమే. నడకంతా పకడ్‌లో ఉంటుంది.

6. హార్మోనియంను కాస్త దూరం పెట్టండి

మన జిల్లాల్లో సంగీతం అంటే ముందు గుర్తొచ్చేది హార్మోనియం. భజనకు అదే, నాటకానికి అదే. దాని మేలును నేను కాదనను. అది లేకపోతే మన ఊళ్లలో సగం మందికి స్వరస్థానాలే తెలిసేవి కావు. అయినా అవరోహణకు అది చాలదు. హార్మోనియంలో ఒక మెట్టుకూ ఇంకో మెట్టుకూ నడుమ ఏమీ లేదు. హిందుస్థానీ గాత్రంలో అసలు పని అంతా ఆ నడుమనే జరుగుతుంది. పంచమం నుంచి గాంధారానికి మీండ్‌తో వచ్చేటప్పుడు మధ్యమం వినబడీ వినబడనట్టు జారిపోవాలి. గాంధారం మీద వాలే ముందు పై స్వరం కణంగా తాకాలి. ఈ పనులు మెట్ల మీద జరగవు. ఆకాశవాణి 1940 నుంచి 1971 దాకా హార్మోనియంను నిషేధించడం వెనుక ఉన్న వాదాల్లో ఇదొకటి.

సాధన తాన్‌పురాతో చేయండి. మామూలుగా పంచమం, షడ్జమాలు శ్రుతి చేస్తారు. పంచమం లేని మాల్‌కౌన్స్ వంటి రాగాలకు మధ్యమం పెడతారు. ఇప్పుడు ఫోన్‌లోనే తాన్‌పురా దొరుకుతుంది. పేదపిల్లలకు అది పెద్ద వరం. బందిష్ నేర్చుకునేటప్పుడు హార్మోనియం ఉండవచ్చు. అవరోహణ ఆలాప్ చేసేటప్పుడు మాత్రం దాన్ని మూసి పక్కన పెట్టండి.

7. దిగేటప్పుడే శ్రుతి జారుతుంది

నల్లగొండ లతీఫ్ సాహెబ్ గుట్ట ఎక్కినవాళ్లకు ఒక సంగతి తెలుసు. ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుంది, దిగేటప్పుడు మోకాళ్లు వణుకుతాయి. ఒళ్లు కిందికి జారాలనే చూస్తుంది, కాలు దాన్ని ఆపుకుంటూ రావాలి. గొంతుకూ అంతే. స్వరం పెరిగేటప్పుడు స్వరతంతువులు సాగి బిగుస్తాయి. దిగేటప్పుడు ఆ బిగువును కొద్దికొద్దిగా వదలాలి. ఒక్కసారి వదిలేస్తే స్వరం తన స్థానం కన్నా కిందికి పడుతుంది. పై స్వరానికి కూడదీసుకున్న ఊపిరిని తార షడ్జమం మీదే ఖర్చు చేసేస్తే, గాంధార రిషభాల దగ్గరికి వచ్చేసరికి గాలి ఉండదు. నేను విన్న అపశ్రుతుల్లో ఎక్కువ భాగం పైన కాదు, దిగివచ్చే దారిలో ఈ రెండు స్వరాల దగ్గరే.

ఒక పరీక్ష చెబుతాను. తాన్‌పురాతో తార షడ్జమం పట్టుకోండి. తాన్‌పురా ఆపేయండి. ఒక్కో స్వరం మీద నిలుస్తూ మధ్య షడ్జమం దాకా దిగండి. షడ్జమం మీద ఉండగానే తాన్‌పురా మళ్లీ మోగించండి. మీ షడ్జమం, తాన్‌పురా షడ్జమం కలిస్తే దారి సరిగా ఉన్నట్టు. కిందికి పడితే ఏ స్వరం దగ్గర జారిందో వెతకండి. ఈ పరీక్షకు గురువు పక్కన ఉండనక్కర్లేదు, చెవిలో నిజాయితీ ఉంటే చాలు.

పొద్దున్నే మంద్ర సాధన చేయమని పెద్దలు చెప్పింది కూడా ఇందుకే. మధ్య షడ్జమం నుంచి మంద్ర నిషాదం, ధైవతం, పంచమం దాకా నెమ్మదిగా దిగుతూ ఒక్కో స్వరం మీద ఊపిరి నిండా నిలవాలి. కింది స్వరాల్లో గొంతును నొక్కకూడదు, గరగర తెచ్చుకోకూడదు. సహజంగా ఎంత లోతు అందితే అంతే. గొంతు మారే వయసు మగపిల్లలకు ఈ సాధన మరీ మెల్లగా చేయించాలి, పై స్వరాల కోసం వాళ్లను ఒత్తిడి పెట్టకూడదు.

8. తాన్‌కు గమ్యం ఉండాలి

పిల్లలకు తాన్ అంటే మోజు. వేగంగా పైకి దూసుకెళ్లడం చూసి చుట్టూ ఉన్నవాళ్లు "వాహ్" అంటారు. కాని తాన్ పని అక్కడితో అయిపోదు. అది తిరిగి బందిష్ ముఖడాను అందుకోవాలి, ముఖడా సమ్ మీద వాలాలి. ఆ తిరుగు ప్రయాణం చాలాసార్లు అవరోహణే.

లెక్క తేలికగానే ఉంటుంది. తీన్‌తాల్‌కు పదహారు మాత్రలు. ద్రుత్ బందిష్‌లు చాలావరకు తొమ్మిదో మాత్ర దగ్గర, ఖాళీ మీద మొదలవుతాయి. స ని ధ ప మ గ రి స ఎనిమిది స్వరాలు. దుగుణ్‌లో మాత్రకు రెండు చొప్పున నాలుగు మాత్రలు పడతాయి. అయిదో మాత్రలో దిగడం మొదలుపెడితే ఎనిమిదో మాత్రతో షడ్జమం చేరతారు, తొమ్మిదిలో ముఖడా. చేతితో తాళం వేస్తూ ఇది ఒక్కటే చేయించండి. తర్వాత తాన్‌ను ముందు నుంచి కాకుండా చివరి నుంచి కట్టడం నేర్పండి. ఎక్కడ వాలాలో తెలిసినవాడికి ఎక్కడిదాకా ఎగరాలో తెలుస్తుంది.

నా గురువుగారు రాయచూరు వైపు నేర్చుకుని నారాయణపేటలో స్థిరపడిన మనిషి. మేము పెద్ద తాన్ పాడి ఆయన ముఖం వైపు చూస్తే, "పైకి పోయినవ్ బిడ్డా, మంచిదే. ఎట్లొస్తవో చూస్త" అనేవారు. దిగివచ్చేదాకా కళ్లు తెరిచేవారు కాదు.

9. అవరోహణ ఒక్కటే చాలని చోట్లూ ఉన్నాయి

ఇన్ని చెప్పాక ఇది కూడా చెప్పకపోతే న్యాయం కాదు. శుద్ధ రిషభపు ఆసావరీ, జౌన్‌పురీ రెండూ దిగేటప్పుడు ఒకే వరుస: స ని ధ ప మ గ రి స, గాంధార ధైవత నిషాదాలు కోమలం. ఇక్కడ వరుసలో తేడా చూపించేది ఆరోహణ. ఆసావరీలో పైకి వెళ్లేటప్పుడు నిషాదం ఉండదు, జౌన్‌పురీలో ఉంటుంది. యమన్‌లోనూ ఎక్కుడుకు తనదైన అందం ఉంది. షడ్జమ పంచమాలను తప్పించుకుంటూ ని రి గ మ ధ ని అని వెళుతుంది, దిగేటప్పుడు పంచమం మీద హాయిగా కూర్చుంటుంది. ఎక్కుడులో తప్పించుకున్నందుకే దిగుడులో ఆ పంచమం అంత తీయగా ఉంటుంది.

అవరోహణను గౌరవించమని నేను చెబుతున్నది ఆరోహణను తక్కువ చేయడానికి కాదు. రెండింటికీ సమానంగా పొద్దు ఇవ్వాలని. ఇప్పుడు మన దగ్గర పొద్దంతా ఒకదానికే పోతోంది.

10. సాధనకు ఒక వరుస పెట్టుకోండి

ముందు మంద్ర సాధన. తర్వాత పై నుంచి మొదలయ్యే అలంకారాలు: స ని ధ, ని ధ ప, ధ ప మ, ప మ గ, మ గ రి, గ రి స. ముందు విలంబంలో, స్వరం స్వరానికీ శ్రుతి చూసుకుంటూ. వేగం తర్వాత అదే వస్తుంది. ఆ తర్వాత ఒకే రాగం. అవరోహణ మాత్రమే తీసుకుని ఆలాప్ చేయండి. తార షడ్జమం నుంచి పంచమం దాకా ఒక వాక్యం, పంచమం నుంచి షడ్జమం దాకా ఇంకొకటి. ఎక్కడ ఆగాలో, ఎక్కడ ఆగకూడదో ప్రతి రాగానికీ రాసి పెట్టుకోండి. భూపాలీ, యమన్, భీంపలాసీ, దేశ్, బిహాగ్ ఈ వరుసలో వెళితే ఒక్కో మెట్టులో ఒక్కో కొత్త సంగతి తెలుస్తుంది. దర్బారీ దగ్గరికి తొందరపడి పోవద్దు.

వినడం సాధనలో సగం. అమీర్ ఖాన్ దర్బారీ వినండి, మంద్రంలోకి ఎంత ఓపికగా దిగుతారో. కిశోరీ అమోంకర్ భూప్‌లో మీండ్‌లను వినండి. గదగ్ ప్రాంతపు రోణలో పుట్టిన భీమ్‌సేన్ జోషి తార షడ్జమం నుంచి దిగే తీరు వినండి. ఎంత ఎత్తు నుంచి వచ్చినా షడ్జమం మీద వాలినప్పుడు ఆయన శ్రుతి వెంట్రుకవాసి కూడా కదలదు. ఒకసారి విన్న చోటును మళ్లీ మళ్లీ వెనక్కి తిప్పి వినండి, పక్కనే తాన్‌పురా పెట్టుకుని పాడి చూడండి.

పాలమూరు, నల్లగొండ జిల్లాల్లో నేర్పుతున్న తోటి ఉపాధ్యాయులకూ, భజన మండళ్ల పెద్దలకూ ఒక్క మనవి. మన పిల్లలు ఎక్కడ చప్పట్లు వస్తే అక్కడికే పరుగెత్తుతారు. ఇన్నేళ్లుగా మనం పై షడ్జమం దగ్గర చప్పట్లు కొట్టి, వాళ్లను అక్కడే ఆపేస్తున్నాం. ఇకనుంచి పిల్ల పైకి వెళ్లినప్పుడు ఊరుకుందాం. కోమల నిషాదం సరిగా తాకి, రాగం చెదరకుండా దిగివచ్చి, మధ్య షడ్జమం మీద శ్రుతిలో నిలిచినప్పుడు చప్పట్లు కొడదాం. దేనికి మెచ్చుకుంటామో దాన్నే వాళ్లు సాధన చేస్తారు.